పైపు పొగాకు కలిపిన సిగార్లు: ఒంగోలు వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది టంగుటూరు దగ్గర పొగాకు పండించే ఇల్లు. సిగార్లు, పైపు పొగాకు గురించి నాకు కొంత తెలుసని బంధువులు, స్నేహితులు, సెలవులకు అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల కోసం రాసింది కాదు. అలవాటు లేనివాళ్లు దీన్ని చదివి మొదలుపెట్టక్కర్లేదు కూడా.

పైపు పొగాకు కలిపిన సిగార్ అంటే అసలు ఏమిటి?

సిగార్‌లో మూడు భాగాలుంటాయి. లోపల నింపేది ఫిల్లర్, దాన్ని బిగించి పట్టుకునేది బైండర్, పైన కంటికి కనిపించేది రాపర్. మామూలు సిగార్‌లో ఈ మూడూ గాలికి ఆరబెట్టి, ఆ తర్వాత మండెలు (పెద్ద గుట్టలు) వేసి పులియబెట్టిన ఆకులే. పైపు పొగాకు కలిపిన రకంలో బైండర్, రాపర్ మామూలుగా అవే ఉంటాయి. ఫిల్లర్‌లో మాత్రం కొంతో, మొత్తమో పైపు కోసం తయారుచేసిన పొగాకు ఉంటుంది.

బజారులో వీటిలో రెండు తరగతులు కనిపిస్తాయి. ఒకటి యంత్రాల మీద తయారయ్యే చవక సరుకు. అమెరికాలో జాన్ మిడిల్టన్ కంపెనీ చేసే బ్లాక్ అండ్ మైల్డ్ అలాంటిదే. దాని లోపల ఉండేది పైపు పొగాకు తురుము. పైచుట్టు అసలు ఆకు కాదు, పొగాకు పొడిని గుజ్జు చేసి కాగితంలా తీసిన రేకు. చివర ప్లాస్టిక్ ముక్కు ఉంటుంది. 2007లో ఆ కంపెనీని ఆల్ట్రియా కొనేసింది. రెండోది చేత్తో చుట్టే ఖరీదైన సరుకు. దీనిలో మంచి సిగార్ ఆకు మధ్య లటాకియా, పెరిక్ లాంటి పైపు పొగాకును కొద్దిగా పెడతారు. డ్రూ ఎస్టేట్ కంపెనీ నాచురల్ అనే వరసలో చేసింది ఇదే.

మూడో రకాన్ని కూడా జనం ఇందులోనే కలిపేస్తారు. అది మామూలు సిగార్‌కే వెనిల్లా, కాఫీ, రమ్ వాసన పట్టించింది. అందులో పైపు పొగాకు ఉండదు. పెట్టె మీద ఆకుల పేర్లు ఉన్నాయా, ఒట్టి వాసన పేరే ఉందా చూస్తే తెలిసిపోతుంది.

మా తాత చుట్ట కాల్చేవాడు. అదీ ఇదీ ఒకటే కదా?

దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు. మన చుట్టకు వాడేది నాటు పొగాకు. గోదావరి లంకల్లో పండే లంక పొగాకుకు అందులో పెద్ద పేరు. దాన్ని ఎండకూ గాలికీ ఆరబెట్టి మండె వేస్తారు. చుట్టేటప్పుడు బైండర్, రాపర్ అంటూ వేరే లెక్కలేమీ లేవు. చేతికొచ్చిన మంచి ఆకు పైకి, మిగతాది లోపలికి. తిరుచ్చి, దిండిగల్ చుట్టలు బ్రిటిష్ కాలంలో ఇంగ్లండ్ దాకా వెళ్లాయి. ఘాటులో మన చుట్ట ఏ సిగార్‌కూ తీసిపోదు. నా మటుకు నాకు చాలా ఖరీదైన సిగార్ల కన్నా బాగా ఆరిన లంక ఆకు వాసనే బాగుంటుంది. అయితే అది అలవాటు మీద చెప్పే మాట, నాణ్యత మీద తీర్పు కాదు.

అన్నా, మా బ్యారన్‌లో ఇంత మంచి ఆకు వస్తుంటే దాంతోనే సిగార్ చుట్టుకోవచ్చు కదా?

అందరికన్నా ఎక్కువ సార్లు అడిగింది ఈ ప్రశ్నే. కొండపి, పొదిలి, కనిగిరి, కలిగిరి, ఎక్కడివాళ్లయినా ఇదే మాట. చుట్టుకోవచ్చు. కాల్చలేరు. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కింద వచ్చే సగం ప్రశ్నలకు జవాబు ఇందులోనే ఉంది.

మన వర్జీనియా ఆకును రెలిచి, అంటే చెట్టు నుంచి కోసి, కర్రలకు అల్లి, బ్యారన్‌కి, అంటే వేడితో ఆకు ఆరబెట్టే గదికి, ఎక్కిస్తాం. మొదట వేడిని 90, 100 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య పెట్టి ఆకును పసుపెక్కనిస్తాం. ఈ దశలోనే ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. రంగు వచ్చిందనగానే వేడి పెంచి, గాలి వదిలి, ఆకును ఆరబెడతాం. చివర 160 దగ్గర ఈనె ఎండుతుంది. మొత్తం ఐదారు రోజుల పని. ఆకు ఇంకా మారబోతుండగానే వేడితో చంపేస్తాం కాబట్టి ఆ రంగూ ఆ చక్కెరా అక్కడే ఆగిపోతాయి. వేలం కేంద్రంలో నిమ్మపండు రంగు బ్రైట్ గ్రేడ్‌కు ధర పలికేది అందుకే.

సిగార్ ఆకుకు పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది. గాలాడే షెడ్డులో వారాల తరబడి నీడన వేలాడదీస్తారు. ఆకు నెమ్మదిగా చస్తూ తనలోని చక్కెరను తానే తినేస్తుంది. గోధుమ రంగుకు తిరిగాక పెద్ద పెద్ద మండెలు వేస్తారు. మండె లోపల దానంతట అదే వేడి పుడుతుంది. అది 50 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలకి రాగానే విప్పి, లోపలి ఆకు బయటికి, బయటిది లోపలికి వేసి మళ్లీ కడతారు. ఇలా నెలల తరబడి సాగుతుంది. అమ్మోనియా ఘాటు అప్పుడు వదులుతుంది.

దీనివల్ల పొగ గుణమే మారిపోతుంది. చక్కెర ఉన్న ఆకు పొగలో ఆమ్లగుణం ఎక్కువ. సిగార్ పొగలో క్షారగుణం ఎక్కువ. క్షార పొగలోని నికోటిన్ నోటి చర్మం గుండానే రక్తంలోకి వెళుతుంది, అందుకే సిగార్ పొగను గుండెల్లోకి పీల్చరు. బ్రైట్ ఆకును బొటనవేలంత లావున చుట్టి కాల్చి చూడండి. వేడిగా కాలుతుంది, నాలుక చుర్రుమంటుంది, నోట్లో నీళ్లు ఊరుతాయి, మధ్యలో ఆరిపోతుంది. పైగా చుట్టడమే కష్టం. బ్యారన్ నుంచి దించేటప్పుడు రాత్రి తలుపులు తీసి, మంచు తేమకు ఆకు మెత్తబడ్డాకే కర్ర ముట్టుకుంటాం గదా. తేమ లేకుండా చెయ్యి వేస్తే గలగలమని పొడైపోతుంది. రాపర్‌గా సాగదీయాలంటే అలాంటి ఆకు ఈనె దగ్గరే చిట్లుతుంది.

ఇంకో మాట. వర్జీనియా ఆకు పొగాకు బోర్డు వేలంలోనే అమ్మాలి. సిగార్లకని ఎవరైనా వచ్చి విడిగా నాలుగు బేళ్లు అడిగితే ఇవ్వకండి, అనవసరమైన టెన్షన్.

అయితే మన ఆకు పైపు పొగాకుకు పనికొస్తుందా?

వర్జీనియా పైపు పొగాకుకు పునాది లాంటిది. ప్రపంచంలో అమ్ముడయ్యే పైపు మిశ్రమాల్లో చాలావాటికి ఫ్లూ క్యూర్డ్ (బ్యారన్ వేడికి ఆరబెట్టిన) వర్జీనియా, బర్లీ రెండే ప్రధానం. వర్జీనియా తీపినిస్తుంది. బర్లీలో చక్కెర దాదాపు ఉండదు గానీ పూసిన పానకాన్నీ వాసననూ బాగా పీల్చుకుంటుంది. మన జిల్లాల ఆకు ఎక్కువగా వెళ్లేది మాత్రం సిగరెట్లలోకే.

లటాకియా, పెరిక్, కావెండిష్ అని పెట్టెల మీద ఉంటుంది. ఇవి పొగాకు జాతులా?

కాదు. ఒక్కో రకంగా తయారుచేసిన పొగాకుకు ఉన్న పేర్లు. ఒక్కోదాని కథ ఒక్కో రకం.

లటాకియా సిరియాలోని ఓడరేవు పట్నం పేరు. ఓరియంటల్ జాతి చిన్నాకును ఎండబెట్టి, సువాసన కట్టెల పొగలో వారాల తరబడి వేలాడదీస్తారు. నల్లగా, తారు రంగులో తయారవుతుంది. ఇప్పుడు దొరికేది చాలావరకు సైప్రస్‌ది. వాసన ముక్కుకు తగలగానే కొందరికి కాలిన రబ్బరు గుర్తుకొస్తుంది, కొందరికి కట్టెల పొయ్యి గుర్తుకొస్తుంది. నాకైతే పడదు. కానీ సిగార్‌లో తగుపాళ్లలో పడితే కూరలో ఇంగువ పడ్డట్టే, విడిగా తెలియదు గానీ లేకపోతే వెలితి తెలుస్తుంది.

పెరిక్ అమెరికాలో లూసియానా రాష్ట్రం సెయింట్ జేమ్స్ పారిష్ అనే చిన్న ప్రాంతపు సరుకు. ఆకును కట్టలు కట్టి విస్కీ పీపాల్లో కుక్కి, పైన జాకీలతో బిగించి, దాని రసంలో దాన్నే ఊరబెడతారు. మధ్యమధ్యలో ఒత్తిడి తీసి, ఆకు తిరగేసి, మళ్లీ బిగిస్తారు. దగ్గర దగ్గర ఏడాది పడుతుంది. ఎండుపండ్లు, మిరియాలు కలిసిన వాసన వస్తుంది. ఇది పైపులో వాడినా ఆ పులుపువాసన సిగార్ ఆకుకు దగ్గరగా ఉంటుంది. అందుకని సిగార్‌లో పెడితే ఎబ్బెట్టుగా ఉండదు. కలిపి చేసినవాటిలో నాకు నచ్చేవి పెరిక్ ఉన్నవే.

కావెండిష్ అంటే వర్జీనియానో బర్లీనో ఆవిరి పట్టి, ఒత్తి, తీపి పూసినది. వెనిల్లా, చెర్రీ వాసనల పైపు పొగాకు ఎక్కువగా ఇదే. చవక సిగార్లలో ఉండేదీ ఇదే.

వీటికి తోడు కెంటకీ ఆకు ఒకటుంది. గట్టి కట్టె నిప్పుల పొగలో ఆరబెట్టిన ముదురు ఆకు. ఇది పైపులోకీ పోతుంది, సిగార్‌లోకీ పోతుంది. డ్రూ ఎస్టేట్ దీంతో ఏకంగా కెంటకీ ఫైర్ క్యూర్డ్ అనే పేరుతో సిగార్లు తీసింది.

ఎంత పాళ్లు కలుపుతారు?

కంపెనీలు బయటపెట్టవు. ఒక్క సంగతి మాత్రం అనుకోవచ్చు. లటాకియా పైపు మిశ్రమంలో సగం దాకా ఉన్నా నడుస్తుంది, సిగార్‌లో అంత పెడితే సిగార్ రుచి మొత్తం పోతుంది. చేత్తో చుట్టేవాళ్లు చిటికెడుతో ఆపేది అందుకే.

నేను కొన్నది ఒక పక్కే కాలుతోంది. లోపల బొరియ పడి ఆరిపోతోంది. సరుకు నాసిరకమా?

కావచ్చు, కాకపోవచ్చు. పైపు పొగాకు కలిపినవాటిలో ఈ జబ్బు మామూలే. సిగార్ ఆకు, పైపు పొగాకు ఒకే తేమలో ఉండవు. పైపు పొగాకు ఎండిపోకుండా అందులో ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటివి కలుపుతారు. అది తేమను పట్టుకుని వదలదు. చుట్టూ ఉన్న ఆకు చకచకా కాలిపోతుంటే మధ్యలోది చెమ్మగా మిగిలిపోతుంది, లేదా దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. ఇక సన్నగా తరిగిన తురుము ఒకచోట ముద్దకట్టి, మరోచోట వదులుగా ఉంటే గాలి వదులుగా ఉన్నచోటి నుంచే లాగుతుంది. బొరియ అక్కడ పడుతుంది.

కాల్చే ముందు సిగార్‌ను రెండు వేళ్ల మధ్య పెట్టి, పాదం (వెలిగించే చివర) నుంచి తల (నోట్లో పెట్టుకునే చివర) దాకా మెల్లగా ఒత్తుకుంటూ రండి. ఎక్కడైనా గట్టిగా గడ్డలా తగిలితే అక్కడ ఇబ్బంది వస్తుంది. వెలిగించేటప్పుడు తొందరపడకుండా అంచు చుట్టూ నిప్పు సమంగా అంటుకోనివ్వాలి. నిమిషానికి ఒక దమ్ము చాలు. సిగరెట్ లాగినట్టు లాగితే పైపు పొగాకులోని తీపి కాలి చేదెక్కుతుంది, నాలుక బొబ్బలెక్కినంత పనవుతుంది. ఒక పక్క వెనకబడితే ఆ పక్కకే కాస్త మంట చూపించండి. మూడోసారి కూడా ఆరిపోతే ఇక దానితో కుస్తీ పట్టకండి.

ఇంట్లో నేనే చుట్టుకుందామనుకుంటున్నా. ఎలా మొదలుపెట్టాలి?

కొత్తవాళ్లు సిగార్ ఆకు ముక్కలతో చేసే పొట్టి ఫిల్లర్ నుంచి మొదలుపెడితే మేలు. పైపు పొగాకును నేరుగా డబ్బాలోంచి తీసి వేయకండి. ఒక కాగితం మీద పల్చగా పరిచి ఫ్యాన్ కింద ఉంచండి. చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నొక్కి వదిలితే ముద్దగా అంటుకోకుండా విడిపోవాలి. అలాగని పొడిపొడిగా రాలిపోకూడదు. ఆ స్థితికి వచ్చాక సిగార్ ఆకు ముక్కల్లో సమంగా చల్లండి. పదిపాళ్లలో ఒక పాలుతో మొదలుపెట్టమంటాను.

తురుమును బైండర్‌కు మరీ అంచుల దాకా పోయకండి. నోట్లోకి వస్తుంది. రాపర్ అంచు అతికించడానికి మైదా జిగురు వాడేవాళ్లున్నారు, పనికొస్తుంది. చుట్టాక రెండు మూడు వారాలు మూతపెట్టిన డబ్బాలో వదిలేస్తే తేమ రెండింటికీ సర్దుకుంటుంది. ఆ ఓపిక లేకే చాలామందివి పాడవుతాయి.

రాపర్‌కు మన దగ్గర ఆకు దొరకడం కష్టం. దేశంలో రాపర్ ఆకుకు పేరున్నది బెంగాల్‌లోని కూచ్ బిహార్ జిల్లా దిన్‌హటా వైపు. సిగార్ ఫిల్లర్ ఆకు తమిళనాడులో దిండిగల్, వేడసందూర్ ప్రాంతాల్లో పండుతుంది.

సొంతానికి చుట్టుకోవడం వేరు, అమ్మడం వేరు. అమ్మాలంటే పన్నులు, లైసెన్సులు, పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ, అన్నీ మొదలవుతాయి.

మే నెలలో ఒంగోలు ఎండలకు వీటిని ఎలా దాచాలి?

సిగార్లకు 65 నుంచి 70 శాతం గాలి తేమ కావాలి. మనకు ఎండాకాలం పగలు గాలి పొడిగా కొడుతుంది, సాయంత్రం సముద్రపు గాలికి జిడ్డుగా తయారవుతుంది. నెల్లూరులో వానలప్పుడు బూజు భయం. కాబట్టి ఖరీదైన చెక్కపెట్టె కన్నా గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమను అదుపుచేసే 65 శాతం ప్యాకెట్ ఒకటి పెట్టడం తెలివైన పని.

అసలు శత్రువు పొగాకు పురుగు. గోడౌన్లలో బేళ్లకు సన్నగా సూదిబెజ్జాలు పెట్టే గోధుమ రంగు పురుగే సిగార్లకూ పడుతుంది. గది వేడిగా ఉంటే గుడ్లు పొదుగుతాయి, మన ఎండలు దానికి పండగ. డబ్బాలో సన్నని పొడి రాలినా, రాపర్ మీద బెజ్జం కనిపించినా మొత్తం తీసి చూడండి. బాగున్నవాటిని గాలి చొరని సంచిలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో మూడు నాలుగు రోజులు ఉంచి, తర్వాత ఒక రోజు మామూలు ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు బయటికి తీయాలి. నేరుగా వేడిలోకి తీస్తే రాపర్ పగులుతుంది.

పైపు పొగాకు కలిపినవాటిని మామూలు సిగార్లతో ఒకే డబ్బాలో పెట్టకండి. లటాకియా వాసన పక్కవాటికి పడుతుంది, వెనిల్లా అయితే ఇంకా మొండిది. ఆ డబ్బా చెక్కదయితే ఆ వాసన ఎప్పటికీ వదలదనుకోండి.

మా ఆవిడకు చుట్ట వాసన పడదు. వెనిల్లా వాసన వచ్చేదయితే ఇంట్లో కాల్చుకోవచ్చా?

వద్దండీ. వాసన తీయగా ఉందని పొగ మారదు, ఇంట్లో పిల్లలు, పెద్దలు పీల్చేది అదే పొగ. పైగా సిగార్ ఆకు కలిశాక ఆ వెనిల్లా మొదటి పది నిమిషాలే. తర్వాత వచ్చేది చుట్ట వాసనే. పరదాలకు పట్టి మర్నాటికీ ఉంటుంది. ఆవిడ మాటే వినండి.

హోటళ్లలో, బస్టాండుల్లో, ఆఫీసుల్లో కాల్చడం 2008 అక్టోబర్ 2 నుంచి నిషేధం. సిగార్‌కు మినహాయింపేమీ లేదు.

పైపు పొగాకు సహజమైనది, గుండెల్లోకి పీల్చం కూడా. సిగరెట్ కన్నా మేలే కదా?

ఈ మాట చెప్పి అమ్మేవాళ్లను నమ్మకండి. పెద్ద సిగార్ ఒక్కదానిలో ఒక ప్యాకెట్ సిగరెట్లలో ఉన్నంత పొగాకు ఉండొచ్చు. పీల్చకపోయినా నికోటిన్ నోటి గుండా ఎక్కుతుందని పైన చెప్పాను. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు సిగార్, పైపు రెండూ కారణమే. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లకు అంగిట్లో పుండ్లు, క్యాన్సర్ వస్తాయని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. అవీ సహజమైన ఆకు చుట్టలే.

నికోటిన్ ఎంత తేలిగ్గా ఒంట్లోకి వెళుతుందో పొగాకు ఊళ్లవాళ్లకు వేరే చెప్పాలా? మంచుకు తడిసిన పచ్చాకును రెలిచి చంకన పెట్టుకుని మోసిన రోజు, అలవాటు లేని కూలీలకు మధ్యాహ్నానికి కళ్లు తిరిగి వాంతులవుతాయి. వాళ్లేమీ కాల్చలేదు, నమల్లేదు. చర్మం గుండా ఎక్కిందంతే.

పైపు పొగాకు కలిపిన సిగార్లలో తీపి వల్ల ఘాటు తక్కువ అనిపిస్తుంది. అందుకే ఒకటి కాల్చేవాళ్లు రెండు కాలుస్తారు. నా దృష్టిలో వీటితో ఉన్న పెద్ద చిక్కు ఇదే.

ఒంగోలు, నెల్లూరులో దొరుకుతాయా?

చేత్తో చుట్టిన మంచి రకాలు దాదాపు దొరకవు. చెన్నై, హైదరాబాద్‌లలో సిగార్లు అమ్మే షాపుల్లో అడగాలి. అక్కడా వాసన పట్టించినవే ఎక్కువ ఉంటాయి. విదేశాల నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకుంటే సుంకం లేకుండా అనుమతించేది 25 సిగార్లు, లేదా 125 గ్రాముల పొగాకు. రెండూ కలిపి కాదు. బయల్దేరే ముందు కస్టమ్స్ నిబంధనలు ఒకసారి చూసుకోమనండి. పొట్లం విప్పి ఉన్నవి, పెట్టె మీద హెచ్చరిక లేనివి బజారులో కొనకండి.

సిగార్ ముక్కలను పైపులో వేసి కాల్చొచ్చా?

కాల్చొచ్చు. సిగార్ ఆకు తరిగి కలిపిన పైపు మిశ్రమాలు అమ్ముతారు కూడా. ఘాటు ఎక్కువ కాబట్టి పైపును సగమే నింపండి.

బాబాయ్, నల్ల బర్లీ వేసి నష్టపోయాం. సిగార్ కంపెనీలు కొంటాయేమో?

పర్చూరు, ఇంకొల్లు వైపు నుంచి ఈ ఫోన్లు వస్తుంటాయి. 2025లో నల్ల బర్లీ కొనే నాథుడు లేక చివరికి ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా దిగాల్సి వచ్చింది కదా, ఆ బాధ నాకు తెలుసు. అయినా ఆశ పెట్టలేను. సిగార్‌కు విత్తనం దగ్గర నుంచి వేరు. రాపర్ అయితే ఆకు పల్చగా, ఈనెలు సన్నగా, ఒక్క చిల్లు లేకుండా రావాలి. దాన్ని మండె వేసి నెలల తరబడి చూసుకునే షెడ్లు, మనుషులు మన దగ్గర లేరు. పైపు మిశ్రమాల్లోకి బర్లీ వెళుతుంది, నిజమే. కానీ ప్రపంచం మొత్తం మీద పైపు కాల్చేవాళ్లు సిగరెట్ కాల్చేవాళ్లతో పోలిస్తే పిడికెడు. మన పది మండలాల పంటను ఆ బజారు మింగలేదు. ఎవరైనా వ్యాపారి వచ్చి సిగార్ల కోసం ఎకరాలకెకరాలు వేయమంటే, ఎంత కొంటాడో, ఏ ధరకో, నారు పోయక ముందే కాగితం మీద రాయించుకోండి. రాయనంటే శనగ వేసుకోండి.

సగం కాల్చి ఆర్పి, మిగతాది రేపు కాల్చుకోవచ్చా?

గంటా రెండు గంటల్లో అయితే పర్వాలేదు. బూడిద దులిపి, లోపలున్న పాత పొగను ఒకసారి బయటికి ఊది, నల్లబడిన అంచు కోసి వెలిగించండి. తెల్లారిందాకా ఉంచితే తారు వాసన పట్టి నోట్లో పెట్టుకోలేరు. పైపు పొగాకు కలిపినవి ఇంకా తొందరగా పాడవుతాయి.